సవర పిల్లల గురువు: గిడుగు రామమూర్తి పంతులు

ప్రతి సంవత్సరం ఆగస్టు 29వ తేదీన మన కళాశాలలో తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాము. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి చిత్రపటానికి పూలమాల వేస్తాము. ఆయన వ్యావహారిక భాషోద్యమ పితామహుడని విద్యార్థులు ఉపన్యసిస్తారు. ఆ మాటలో అతిశయోక్తి ఏమీ లేదు. అయితే ఆ మహనీయుని జీవితంలో మరొక ఘట్టం ఉన్నది. ఉద్యమ నాయకుడు కాక మునుపు ఆయన పదిహేడేళ్ల వయసులో తరగతి గదిలో నిలబడిన ఒక బడిపంతులు. తన భాష కాని భాష మాట్లాడే పిల్లల కోసం ఆ భాషనే నేర్చుకున్న బడిపంతులు. రేపు ఉపాధ్యాయులు కానున్న మన విద్యార్థినీ విద్యార్థులకు ఈ ఘట్టమే ఎక్కువ ఉపయోగకరమని మేము భావిస్తున్నాము.

ఇట్లా భావించడానికి మాకు సొంత కారణం ఒకటున్నది. దానిని దాచకుండా ముందే చెప్పడం న్యాయం.

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న రోజులలో బోధనాభ్యాసం నిమిత్తం నెల్లిమర్లలోని ఒక ప్రాథమిక పాఠశాలకు మమ్మల్ని పంపించారు. విజయనగరానికి కొద్ది దూరంలో, చంపావతీ నదీతీరాన, రామతీర్థం వెళ్లే దారిలో ఉన్న ఊరు అది. జూట్‌మిల్లు కార్మికుల పిల్లలు, చుట్టుపక్కల వ్యవసాయదారుల పిల్లలు కలసి ఆ బడిలో చదువుకునేవారు. మాకు రెండవ తరగతి అప్పగించారు. పాఠ్యపథకం ముత్యాల వంటి అక్షరాలతో వ్రాసుకుని, బొమ్మల అట్టలు చంకన పెట్టుకుని తరగతిలో ప్రవేశించాము. పర్యవేక్షకులు వెనుక బల్ల మీద కూర్చుని ఉన్నారు.

ఉదయం బడికి ఎట్లా తయారవుతారో చెప్పమని పిల్లలను అడిగాము. ఒక బాలుడు ఉత్సాహంగా లేచి తాను బేగి లేస్తానని అన్నాడు. బేగి అనకూడదనీ త్వరగా అనవలెననీ దిద్దాము. మరి రెండుసార్లు అనిపించాము. తరగతి నవ్వింది. వాడు కూర్చున్నాడు. ఆ తరువాత ఎన్ని ప్రశ్నలు వేసినా వాడి చెయ్యి పైకి లేవలేదు. బేగి అనేది వేగము అనే సంస్కృత పదం నుండి వచ్చిన మాటే అనీ, నిఘంటువుకెక్కిన మాటే అనీ అప్పటికి మాకు తెలియదు.

కొంతసేపటికి ఏడేళ్ల ఆడపిల్ల ఒకతె లేచి నిలబడి, మంచినీళ్లు తాగి వస్తానని ఉర్దూలో అడిగింది. ఇంటిలో మా అమ్మగారితో మేము మాట్లాడే భాష అదే. ఆ పిల్ల అడిగినది మాకు అర్థం కాకపోవడమేమిటి? కాని వెనుక పర్యవేక్షకులు ఉన్నారు. ఇది తెలుగు పాఠం. మేము అర్థం కానట్టు ముఖం పెట్టి, తెలుగులో అడగమన్నాము. ఆ పిల్ల మా వంక కాసేపు చూసింది. ఏమీ అనకుండా కూర్చున్నది. గంట కొట్టిన తరువాత కొళాయి దగ్గర దోసిలి పట్టి చాలాసేపు నీళ్లు తాగుతూ కనిపించింది. ఆనాటి పాఠానికి మాకు మంచి మార్కులే వచ్చాయి. ఆ పిల్ల పేరు మాత్రం మేము అడగలేదు.

కొన్నేళ్ల తరువాత ఎం.ఏ. చదువుతూ గిడుగువారి జీవిత విశేషాలు చదువుతున్నప్పుడు ఆ పిల్ల చూపు మాకు జ్ఞాపకం వచ్చింది. అప్పటి నుండి ఆయన జీవితాన్ని మేము భాషోద్యమ చరిత్రగా మాత్రమే చదవలేకపోయాము.

బాల్యము, విద్యాభ్యాసము

గిడుగు రామమూర్తిగారు 1863వ సంవత్సరం ఆగస్టు 29వ తేదీన నేటి శ్రీకాకుళం జిల్లాలో, శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేట గ్రామంలో జన్మించారు. వంశధార ఒడ్డున ఉన్న ఊరు అది. తల్లి వెంకమ్మగారు, తండ్రి వీర్రాజుగారు. తండ్రి విజయనగర సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. ఆయన చోడవరానికి బదిలీ అయి, అక్కడే 1875లో విషజ్వరంతో మరణించారు. అప్పటికి రామమూర్తిగారికి పన్నెండేళ్లు. మేనమామ ఆదరణలో విజయనగరం చేరి, మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువు సాగించారు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. మన నెల్లిమర్లకు కూతవేటు దూరాన ఉన్న పట్టణంలో, తెలుగు భాష నడకను మార్చిన ఇద్దరు ఒకే బడిలో చదువుకున్నారన్న సంగతి ఈ ప్రాంతపు విద్యార్థులకు గర్వకారణం.

1879లో ఆయన మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. ఆ సంవత్సరమే వివాహమైంది. తండ్రి లేని ఇల్లు, మీద పడిన సంసారం. మరి చదివే అవకాశం లేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పై రూపాయల జీతం మీద ఉపాధ్యాయ ఉద్యోగంలో చేరారు. విజయనగరం మీదుగా రైలుమార్గం రావడానికి అప్పటికి ఇంకా పదేళ్లకు పైగా ఉన్నది. పర్లాకిమిడి ఆనాడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. ఫస్టుఫారం పిల్లలకు చరిత్ర చెప్పడం ఆయన పని. గురువుకు పదిహేడేళ్లు. శిష్యులు ఆయనకంటే ఆరేడేళ్లు చిన్నవారు. ఉపాధ్యాయ శిక్షణ అన్నది ఆయనకు లేదు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ., ఆపై బి.ఏ. పట్టాలు సంపాదించారు. ఆ పాఠశాల కళాశాల అయిన తరువాత అక్కడనే పై తరగతులకు బోధించారు.

చరిత్ర బోధించడమంటే పుస్తకంలోని తేదీలు వల్లె వేయించడం అని ఆయన అనుకోలేదు. పుట్టిన ఊరికి దగ్గరలో ఉన్న ముఖలింగ దేవాలయపు గోడల మీద శాసనాలు ఉన్నాయి. ఆ పాత లిపిని స్వయంకృషితో నేర్చుకుని, శాసనాలు చదివి, కళింగ దేశాన్ని ఏలిన గాంగరాజుల చరిత్ర మీద పరిశోధన చేశారు. తెలియనిదానిని ఎదుట పెట్టుకుని ఓపికగా అక్షరం అక్షరం కూడబలుక్కోవడం ఆయనకు ఆ విధంగా అలవాటైంది. ఆ అలవాటే తరువాత సవర భాష నేర్వడానికి అక్కరకు వచ్చింది.

సవరల చెంతకు

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలు సవరల నివాసం. సవర భాష తెలుగుకు చుట్టం కాదు. ద్రావిడ భాష కాదు, సంస్కృతం నుండి పుట్టినదీ కాదు. అది ముండా భాషా కుటుంబానికి చెందినది. దానికి అప్పటికి లిపి లేదు. తెలుగు రాని కారణాన సవరలు వ్యవహారాలలో మోసపోవడం, వారి పిల్లలకు చదువు అందకపోవడం ఆనాటి పరిస్థితి. వారికి చదువు చెప్పవలెనంటే వారు తెలుగు నేర్చుకోవలసినదే కదా అని ఎవరైనా అనుకుంటారు. గిడుగువారు ఆ ప్రశ్నను తిరగవేశారు. పిల్లవాడు గురువు భాష నేర్చుకునే వరకు చదువు ఆగవలసినదేనా? గురువే పిల్లవాని భాష నేర్చుకుంటే ఏమి?

తెలుగు, సవర భాషలు రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంటిలోనే ఉంచుకుని ఆయన సవర నేర్వనారంభించారు. ముప్పై రూపాయల జీతగాడికి ఇది చిన్న ఖర్చు కాదు. కొండలెక్కి సవర గూడేలకు వెళ్లారు. మాటలు, పాటలు, కథలు వ్రాసుకున్నారు. ఏళ్ల తరబడి సాగిన ఈ కృషి వలన ఆయనకు సవర భాషలో పాండిత్యం అబ్బింది. ఆ భాషలో వాచకాలు వ్రాసి, తన సొంత సొమ్ముతో బడులు పెట్టించి, అందులోని ఉపాధ్యాయులకు జీతాలు తానే ఇచ్చి, సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పే ఏర్పాటు చేశారు.

ఈ పని లోతు తెలియవలెనంటే ఒక్క ఉదాహరణ చాలును. తెలుగు పిల్లవాడు పది వరకు లెక్కించి, ఆపై పదికి ఒకటి, పదికి రెండు చేర్చుకుంటూ పోతాడు. సవర భాషలో పన్నెండు వరకు విడివిడి పేర్లున్నాయి. పదమూడును పన్నెండు-ఒకటి అని అంటారు. ఇరవై తరువాత ఇరవైకి చేర్చుకుంటూ పోతారు. ముప్పై రెండును చెప్పవలెనంటే ఇరవై-పన్నెండు అనాలి. ముప్పై మూడు అంటే ఇరవై-పన్నెండు-ఒకటి. ఈ సంగతి తెలియని ఉపాధ్యాయుడు సవర పిల్లవానికి ఎక్కాలు చెప్పబోతే ఏమవుతుంది? వాడు తడబడతాడు. వానికి లెక్కలు రావని, బుర్ర లేదని ఉపాధ్యాయుడు నిర్ణయిస్తాడు. నిజానికి వాడు ఒక లెక్కింపు పద్ధతి నుండి మరొక లెక్కింపు పద్ధతిలోకి మనసులోనే మార్చుకుంటున్నాడు. తరగతిలో ఎవరికంటె ఎక్కువ పని చేస్తున్నది వాడే.

కొండ ప్రాంతాలలో ఆనాడు మలేరియా విస్తారంగా ఉండేది. సవర గూడేల సంచారంలో గిడుగువారికి ఆ జ్వరం పట్టుకున్నది. దానికి వాడిన క్వినైన్ మందు వలన ఆయన వినికిడి దెబ్బ తిన్నది. చివరి వరకు ఆ చెవుడు ఆయనను వదలలేదు. ఇతరుల మాట వినడమే పనిగా పెట్టుకున్న భాషావేత్తకు ఇంతకంటె పెద్ద నష్టం ఏముంటుంది? అయినా ఆయన సవర భాషాకృషి మానలేదు. మద్రాసు ప్రభుత్వం 1913లో ఆయనకు రావు బహదూర్ బిరుదు ఇచ్చింది. ముప్పై ఏళ్లకు పైబడిన శ్రమ ఫలితంగా ఆయన ఇంగ్లీషులో రచించిన సవర భాషా వ్యాకరణాన్ని 1931లో ప్రభుత్వమే అచ్చు వేయించింది. ఆ తరువాత సవర-ఇంగ్లీషు నిఘంటువు కూడా వెలువడింది. 1934లో కైజర్-ఇ-హింద్ పతకం లభించింది. కుమారులు గిడుగు వేంకట సీతాపతిగారు కూడా సవర భాషా పండితులై తండ్రి కృషిని కొనసాగించారు.

కొండ నుండి పల్లానికి

వ్యావహారిక భాషోద్యమాన్ని గూర్చి విద్యార్థులు పాఠ్యగ్రంథాలలో చదివే ఉంటారు కనుక ఇక్కడ సంగ్రహంగా చెబుతాము. 1906-07 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. ప్రజలు మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో పిల్లలు చదివే తెలుగు మరొకటి కావడం అతనికి వింతగా తోచింది. విశాఖపట్నంలో పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, ఆయన గిడుగు, గురజాడల పేర్లు చెప్పారు. ఆ నలుగురి ఆలోచనల నుండి ఉద్యమం ఆరంభమైంది.

ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. యేట్స్ ప్రశ్న గిడుగువారికి కొత్తది కాదు. అప్పటికే ఆయన సవర పిల్లల విషయంలో దానికి జవాబు ఆచరణలో చూపించారు. అర్థం కాని భాషలో చెప్పిన చదువు ఒంటపట్టదని కొండ మీద నేర్చుకున్న సత్యాన్ని పల్లంలోని తెలుగు పిల్లలకు అన్వయించారు. అంతే. సవర పిల్లవానికి తెలుగు ఎంత దూరమో, ఆనాటి తెలుగు పిల్లవానికి గ్రాంథికం దాదాపు అంత దూరంగానే ఉండేది. తాను ఎన్నడూ వినని క్రియారూపాలతో వాడు వ్యాసాలు వ్రాయవలసి వచ్చేది. తప్పులు పోతాయన్న భయంతో తనకు తెలిసిన సంగతి కూడా చెప్పలేకపోయేవాడు.

1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడి, జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వాన గ్రాంథిక పక్షం బలపడింది. వాడుక భాషను బడిలోకి రానిస్తే నన్నయ తిక్కనాదుల కవిత్వం పిల్లలకు దూరమవుతుందని వారి భయం. అది కేవలం మొండితనం అనలేము. భాష మీద ప్రేమ ఉన్నవారి భయమే అది. దానికి గిడుగువారు ఉద్రేకంతో కాక ఆధారాలతో జవాబిచ్చారు. ప్రాచీన కావ్యాలు, శాసనాలు, పాత వచన గ్రంథాలు గాలించి, తప్పులని పండితులు త్రోసివేసిన రూపాలు పూర్వుల రచనలలోనే ఉన్నాయని నిరూపించారు. స్కూలు ఫైనల్ పరీక్షలో వ్యాసం ఆధునిక భాషలో వ్రాయవచ్చునని ప్రభుత్వం తొలుత అనుమతించి, తీవ్ర వ్యతిరేకత మీదట 1914లో వెనుకకు తగ్గింది. గిడుగువారు తగ్గలేదు. 1919లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగంగారు అధ్యక్షులుగా, తాము కార్యదర్శిగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజాన్ని స్థాపించారు. ఆ సంవత్సరమే తెలుగు అనే మాసపత్రిక నడిపారు. ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చారు. చెవి వినపడని వృద్ధుడు పండిత సభలలో నిలబడి వాదించడం ఆనాటివారికి పరిచితమైన దృశ్యమే.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరిపోయింది. యాభై ఏళ్లకు పైగా నివసించిన ఊరిని విడిచి గిడుగువారు రాజమహేంద్రవరం వచ్చేశారు. 1940 జనవరి నెల మధ్యలో మద్రాసులో పత్రికా సంపాదకులను ఉద్దేశించి ప్రసంగించారు. ఆ తరువాత కొద్ది రోజులకే, జనవరి 22న కన్నుమూశారు.

మనకు మిగిలిన పని

ఆయన మరణానంతరం కొన్ని దశాబ్దాలకు పాఠ్యపుస్తకాలు వాడుక భాషలోకి మారినాయి. విశ్వవిద్యాలయాలలో సిద్ధాంత వ్యాసాలు కూడా వాడుక భాషలో వ్రాయడానికి వీలు కలిగింది. ఆయన మొదట చేపట్టిన పని మాత్రం చాలా కాలం మరుగున పడింది. 2004 ప్రాంతంలో మన రాష్ట్రంలో సవరతో సహా కొన్ని గిరిజన భాషలలో ప్రాథమిక పాఠశాల పిల్లలకు వాచకాలు తయారుచేసి బోధన ప్రారంభించారు. గిడుగువారు తన జీతం డబ్బుతో చేసిన పనికి ప్రభుత్వం పూనుకోవడానికి దాదాపు నూరేళ్లు పట్టిందన్నమాట.

మరొక సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. గిడుగువారు కోరినది చదువుకున్నవారు నలుగురిలో మాట్లాడే శిష్ట వ్యావహారికం. ఉద్యమం గెలిచిన తరువాత అచ్చులో స్థిరపడిన భాషకు కృష్ణా గోదావరి ప్రాంతపు పలుకుబడి ఆధారమైంది. శ్రీకాకుళంలో పుట్టి, విజయనగరంలో చదివిన మహానుభావుని ఉద్యమం ఫలించినా, ఆ రెండు జిల్లాల పిల్లల మాట బడిలో ఇంకా తప్పుగానే ఉండిపోయింది. నెల్లిమర్లలో మేము దిద్దిన బేగి అట్టిదే. దిద్దిన మేము కూడా ఈ నేల వారమే. ఈ వ్యాసం వ్రాస్తున్నప్పుడు సైతం మా కలం గ్రంథాల భాష వైపే మొగ్గుతున్నదని పాఠకులు గమనించే ఉంటారు. అలవాటు అంత బలమైనది.

ప్రామాణిక భాష నేర్పవద్దని మేము అనడం లేదు. త్వరగా అనే మాట ఆ బాలునికి రావలసినదే. ఉర్దూ మాట్లాడే పిల్లకు తెలుగు తప్పక రావాలి. ఈ రాష్ట్రంలో బ్రతుకుతెరువుకూ ఇరుగుపొరుగుల స్నేహానికీ అది అవసరం. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు ఒకే కప్పు క్రింద చదువుకుంటున్నాయంటే దాని అర్థం అదే. కాని కొత్త మాట నేర్పడానికి పిల్ల నోటి నుండి పాత మాటను లాగివేయనక్కరలేదు. ఉన్నదానికి చేర్చడం విద్య. ఉన్నదానిని సిగ్గుపడేటట్టు చేయడం విద్య కాదు.

మన విద్యార్థులలో కొందరు వచ్చే ఏడు శిక్షణకు వెళతారు. వారిని కూడా ఏదో ఒక ఊరి బడికి పంపుతారు. వెనుక బల్ల మీద పర్యవేక్షకులు ఉంటారు, ముందు పిల్లలుంటారు. ఎవరి వైపు చూడాలో ఆ క్షణంలో తేల్చుకోవలసి ఉంటుంది. మేము తప్పుగా తేల్చుకున్నాము. మొదటి రోజున పాఠ్యపథకం తెరవడానికి మునుపు ప్రతి పిల్లనూ పేరు అడగండి. మీ ఇంటిలో మంచినీళ్లను ఏమంటారని అడిగి తెలుసుకోండి. ఆ మాటలన్నీ నల్లబల్ల మీద వ్రాయండి. వాటి ప్రక్కనే తెలుగు మాట వ్రాయండి. దీనికి సొంత డబ్బు ఖర్చు పెట్టనక్కరలేదు. కొండలెక్కి జ్వరం తెచ్చుకోనక్కరలేదు. అయిదు నిమిషాలు చాలును.

ఆ రెండవ తరగతి పిల్ల ఈపాటికి పెద్దదై ఉంటుంది. ఎక్కడ ఉన్నదో మాకు తెలియదు. తనకు ఆనాడు దక్కని అయిదు నిమిషాలు మన విద్యార్థుల చేతులలో మరొక పిల్లకు దక్కితే, ఆగస్టు 29న గిడుగువారి పటానికి మనం వేసే పూలమాలకు అర్థం ఉంటుంది.